'వారానికోసారే కదా' అనుకునేవాళ్లకు: మెథ్, కొకైన్ మెదడుకు ఏం నేర్పుతాయి

మత్తుమందుల గురించి మన ఇళ్లలో రెండు నమ్మకాలు గట్టిగా పాతుకుపోయాయి. రోజూ వాడేవాడే వ్యసనపరుడు, శనివారం రాత్రి పార్టీలో ఒకసారి తీసుకునేవాడికి ఏమీ కాదు అన్నది ఒకటి. మూడు వారాలో నెలో డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉంచితే ఒంట్లోని విషం దిగిపోయి మనిషి మామూలైపోతాడన్నది రెండోది. ఈ రెండూ సారాను, నల్లమందును చూసి పుట్టిన నమ్మకాలు. అక్కడ వాటిలో కొంత నిజముంది. రోజూ తాగేవాడికి మోతాదు పెరుగుతూ పోతుంది, ఆపితే చేతులు వణుకుతాయి, ఆ వణుకును ప్రమాదం లేకుండా దాటించడమే మొదటి వైద్యం.

మెథాంఫెటమిన్ (మెథ్), కొకైన్, యాంఫెటమిన్ లాంటి ఉత్తేజకాల దగ్గర ఈ లెక్క తప్పుతుంది. మధ్యమధ్య విరామమిస్తూ వాడినప్పుడు వాటి ప్రభావాల్లో కొన్ని తగ్గకపోగా పెరుగుతాయి. ఆపేసిన మొదటి వారంలో కంటే రెండో నెలలో, మందును గుర్తుచేసేవాటికి మెదడు స్పందన ఎక్కువగా ఉండవచ్చు. నలభై ఏళ్లకు పైగా ప్రయోగశాలల్లో, ఆసుపత్రుల్లో మళ్లీ మళ్లీ తేలిన సంగతులివి. మన సలహాలు, మన సెంటర్లు మాత్రం ఇంకా సారా లెక్క మీదే నడుస్తున్నాయి. అది మారాలన్నదే నా వాదన.

ముందు మెదడులో ఇది ఎక్కడ జరుగుతుందో చూద్దాం. నడిమెదడులో వెంట్రల్ టెగ్మెంటల్ ఏరియా అనే చిన్న ప్రాంతం ఉంది, పొట్టిగా వీటీఏ. డోపమైన్ అనేది మెదడు కణాలు సంకేతాలు పంపుకునే రసాయనాల్లో ఒకటి. వీటీఏలోని డోపమైన్ కణాల తంతువులు, కోరికతో ముడిపడిన న్యూక్లియస్ అకంబెన్స్ అనే ప్రాంతం దాకా, నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ దాకా సాగుతాయి. కణం వదిలిన డోపమైన్‌ను తిరిగి లోపలికి తీసుకోవడానికి ట్రాన్స్‌పోర్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది. కొకైన్ ఆ దారిని మూసేస్తుంది కాబట్టి బయటికొచ్చిన డోపమైన్ అక్కడే నిలిచిపోతుంది. మెథ్ చేసేది ఇంకా ఎక్కువ. అదే ట్రాన్స్‌పోర్టర్ గుండా కణంలోకి చొరబడి, సంచుల్లో దాచిన డోపమైన్‌ను కణద్రవంలోకి తోసేసి, ట్రాన్స్‌పోర్టర్‌నే తిరగేసి ఆ డోపమైన్‌ను బయటికి పారిస్తుంది. కణం సంకేతం పంపకపోయినా ఈ పారుదల ఆగదు. రక్తంలో కొకైన్ సగానికి తగ్గడానికి సుమారు ఒక గంట పడితే మెథ్‌కు పది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. కొకైన్ వాడేవాళ్లు ఒకే రాత్రి పదేపదే తీసుకోవడానికీ, మెథ్ వాడేవాళ్లు రెండు మూడు రోజులు కన్నార్పకుండా ఉండడానికీ ఈ తేడా ముఖ్య కారణం.

ఇదంతా ఒక్కసారి తీసుకుంటే జరిగేది. పదేపదే తీసుకుంటే ఏమవుతుందో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో అన్నిటికంటే స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ప్రయోగం ఎలా చేస్తారో వివరంగా చెప్పాలి, ఎందుకంటే తప్పులు దొర్లేదీ, అపార్థాలు పుట్టేదీ ఆ వివరాల దగ్గరే.

గోడల వెంట పరారుణ కిరణాలు అమర్చిన పెట్టెలో ఎలుకను ఉంచుతారు. ఎలుక కదిలి కిరణాన్ని అడ్డగించినప్పుడల్లా ఒక లెక్క పడుతుంది. మొదటి రెండు మూడు రోజులు ఉప్పునీటి ఇంజెక్షన్ మాత్రమే ఇస్తారు. కొత్త పెట్టె, సూది, మనిషి చెయ్యి, వీటివల్ల కలిగే కలవరం అణిగాకే అసలు కొలత మొదలవ్వాలి. తర్వాత కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల చొప్పున కొకైన్‌ను రోజుకొకసారి సూదితో కడుపు కుహరంలోకి ఇస్తారు, అయిదు నుంచి ఏడు రోజుల పాటు. ఆపైన రెండు వారాల విరామం. చివరి రోజున అదే డోసును అదే పెట్టెలో ఇచ్చి కదలికలు లెక్కపెడతారు. ఇంకో గుంపుకు అన్ని రోజులూ ఉప్పునీరే ఇచ్చి, ఆఖరి రోజున మాత్రమే కొకైన్ ఇస్తారు. రెండు గుంపులకూ ఆ రోజు ఒంట్లోకి వెళ్లిన మందు సమానం. అయినా ముందే కొకైన్ రుచి చూసిన ఎలుకలు రెండో గుంపు కంటే చాలా ఎక్కువ పరుగెడతాయి. దీన్నే సెన్సిటైజేషన్ అంటారు. డోసు పెంచకుండానే ప్రభావం పెరగడమన్నమాట.

తప్పులు జరిగే చోట్లు నాలుగున్నాయి. డోసు ఎక్కువైతే, ముఖ్యంగా యాంఫెటమిన్‌తో, ఎలుక పరుగు మానేసి ఒకేచోట నిలబడి ముక్కు ఎగబీలుస్తూ, తల ఊపుతూ, గోడను నాకుతూ ఉండిపోతుంది. కిరణాల లెక్క పడిపోతుంది. కంప్యూటర్ ఇచ్చిన అంకెలు మాత్రమే చూసేవాళ్లు మందు పని తగ్గిందని రాసేస్తారు. నిజానికి ప్రభావం ఇంకో మెట్టు ఎక్కింది. అందుకే వీడియో తీసి, ప్రతి కొన్ని నిమిషాలకూ ఎలుక ఏం చేస్తోందో మనిషి చూసి అంకె వేయాలి. రెండోది, ఇంజెక్షన్ బదులు చర్మం కింద చిన్న పంపు పెట్టి కొకైన్‌ను ఇరవైనాలుగు గంటలూ నిలకడగా పంపితే ఫలితం తలకిందులవుతుంది. సెన్సిటైజేషన్ బదులు టాలరెన్స్ వస్తుంది, అంటే ప్రభావం తగ్గుతుంది. మూడోది, కొకైన్‌ను ఎప్పుడూ ఇంటి పంజరంలోనే ఇచ్చి ఆఖరి పరీక్ష మాత్రం కొత్త పెట్టెలో చేస్తే పెరుగుదల తక్కువగా కనిపించవచ్చు, కొన్నిసార్లు అసలు కనిపించదు. చోటు మందుతో ముడిపడిపోతుంది. నాలుగోది ఒత్తిడి. బలవంతంగా కదలకుండా పట్టి ఉంచడం లాంటి ఒత్తిళ్లకు పదేపదే గురైన ఎలుక, మందు ఎన్నడూ ఎరగకపోయినా, మొదటి డోసుకే మిగతావాటికంటే ఎక్కువ స్పందిస్తుంది.

వారానికోసారే కదా అనేవాళ్లు రెండో అంశం దగ్గర ఆగాలి. నిలకడగా ఒంట్లో ఉండే మందు టాలరెన్స్ తెస్తుంది. విరామంతో వచ్చే మందు సెన్సిటైజేషన్ తెస్తుంది. శనివారానికి శనివారం వాడడం విరామంతో వాడడమే. మెదడు పాత స్థితికి పూర్తిగా తిరిగి వెళ్లేలోపే, అది నేర్చుకోవడానికి సరిపోయేంత ఎడంతో, మళ్లీ దెబ్బ పడుతోంది. ఇలా విరామంతో యాంఫెటమిన్ ఇచ్చిన ఎలుకల్లో పెరిగిన స్పందన ఏడాది తర్వాత కూడా నిలిచి ఉంది. రెండు మూడేళ్లు బతికే జీవికి ఏడాది అంటే ఎంతో ఆలోచించండి.

ఎలుక పరుగు చూసి మనిషి గురించి తీర్పు చెప్పవచ్చా? చెప్పకూడదు. అందుకే 2006లో కెనడా పరిశోధకులు ప్రచురించిన ప్రయోగం ఇక్కడ ముఖ్యం. పదిమంది ఆరోగ్యవంతులైన మగవాళ్లకు కిలో బరువుకు 0.3 మిల్లీగ్రాముల యాంఫెటమిన్‌ను నోటి ద్వారా ఇచ్చారు. అరవై కిలోల మనిషికి ఇది 18 మిల్లీగ్రాములు. ఒకటో రోజు, మూడో రోజు, అయిదో రోజు, మొత్తం మూడు డోసులు. పద్నాలుగు రోజులు ఆగి నాలుగోది ఇచ్చారు. ఏడాది ఆగి అయిదోది ఇచ్చారు. మెదడులోని రసాయనాల కదలికను చూపే పెట్ స్కాన్‌లో డోపమైన్ విడుదలను కొలిస్తే, మొదటిసారి కంటే రెండు వారాల తర్వాత ఎక్కువ, ఏడాది తర్వాత కూడా ఎక్కువ. వీళ్లెవరూ వ్యసనపరులు కారు, ఆ డోసూ వీధిలో దొరికే మెథ్ ముందు చాలా చిన్నది. అయినా మూడు వారాల లోపు తీసుకున్న నాలుగు డోసుల గుర్తు ఏడాది దాకా చెరగలేదు.

ఈ సంగతి దెబ్బ తిని మరీ తెలుసుకున్న దేశం జపాన్. 1893లో నగై నగయోషి ఎఫెడ్రిన్ నుంచి మెథాంఫెటమిన్‌ను తయారుచేసింది అక్కడే. 1940ల మొదట్లో అది 'హిరోపాన్' పేరుతో అమ్మకానికొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఆ మందు జనంలోకి విరివిగా పారి, చివరికి 1951లో ఉత్తేజకాల నియంత్రణ చట్టం తేవాల్సి వచ్చింది. అక్కడి మానసిక వైద్యులు ఒక విషయం గమనించారు. మెథ్ వాడకంతో ఎవరో వెంటాడుతున్నారన్న భ్రమ, లేని గొంతులు వినిపించడం ఒకసారి మొదలైన మనిషి, ఎన్నో నెలలు మానేసి బాగున్నాక కూడా, ముందటికంటే తక్కువ మందుకే మళ్లీ అదే స్థితిలో పడిపోతాడు. కొందరిలో మందే అక్కర్లేదు, నిద్రలేని రాత్రులూ తీవ్రమైన ఒత్తిడీ చాలు. 1958లో లండన్‌లో ఫిలిప్ కానెల్ యాంఫెటమిన్ సైకోసిస్, అంటే ఇలాంటి భ్రమల స్థితి, వచ్చిన 42 మందిని వివరంగా నమోదు చేశాడు. స్పృహ తేటగానే ఉంటుంది, తేదీ, ఊరు, పేరు అన్నీ సరిగ్గా చెబుతారు, కానీ కిటికీ బయట పోలీసులున్నారంటారు. స్కిజోఫ్రెనియా అని పొరబడటానికి ఇదే కారణం. అందుకే ఇలాంటి రోగి వచ్చినప్పుడు మూత్ర పరీక్ష చేయకుండా రోగం పేరు పెట్టకూడదు.

ఇంట్లోవాళ్లకు ఇందులో ఉపయోగపడే సంగతి ఉంది. 'ఒక్కసారి తీసుకుంటే ఏమవుతుంది, ఇంతకుముందు ఎంతెంత తట్టుకున్నాను' అని ఒకసారి ఆ భ్రమల్లో పడి లేచినవాడు అనవచ్చు. సంతోషం విషయంలో తట్టుకునే శక్తి పెరిగి ఉండవచ్చు గాని, అనుమానం విషయంలో అది తగ్గిపోయి ఉంటుంది. భ్రమలో ఉన్న మనిషితో వాదించవద్దు. గదిలో వెలుతురు, శబ్దం తగ్గించి, చుట్టూ మనుషులు లేకుండా చేసి, నీళ్లిచ్చి, మెల్లగా మాట్లాడండి. ఒళ్లు కాలిపోతున్నా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఫిట్స్ వచ్చినా, మనిషిని పట్టలేకపోతున్నా ఆసుపత్రికి తీసుకుపోవాలి, తీసుకున్నది ఏమిటో దాచకుండా డాక్టరుకు చెప్పాలి. మెథ్‌తో శరీర ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటడం ప్రాణాంతకం. హెరాయిన్ ఓవర్‌డోసుకు నలోక్సోన్ ఉన్నట్టు దీనికి విరుగుడు మందు లేదు. ఆందోళన తగ్గించే బెంజోడయజపిన్లు ఇవ్వడం, ఒళ్లు చల్లబరచడం, గుండెను కనిపెట్టి ఉండడం, చేయగలిగింది ఇదే.

ఈ మార్పు మెదడులో ఎక్కడ రాసిపెట్టి ఉంటుంది? నా దృష్టిలో ఈ మొత్తం రంగంలో అందమైన భాగం ఇదే. యాంఫెటమిన్‌ను నేరుగా వీటీఏలోకి పదేపదే ఇస్తే, తర్వాత ఒంటికంతా ఇచ్చే డోసుకు ఎలుక ఎక్కువగా స్పందిస్తుంది. అకంబెన్స్‌లోకి ఇస్తే ఆ పూట పరుగెడుతుంది గాని ఆ తర్వాతి పెరుగుదల రాదు. మొదలయ్యేది వీటీఏలో, బయటపడేది అకంబెన్స్‌లో. ఇంకో మాట, గ్లుటమేట్ అనే మరో సంకేత రసాయనాన్ని అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను ఎంకే-801 అనే రసాయనంతో మూసేసి కొకైన్ ఇస్తే సెన్సిటైజేషన్ ఏర్పడదు. జ్ఞాపకాలు ఏర్పడడానికి కావలసిన గ్రాహకాలే ఇవి. అంటే మెదడు అరిగిపోవడంతో వచ్చే మార్పు కాదిది. మెదడు తన మామూలు చదువు యంత్రాంగంతోనే దీన్ని నేర్చుకుంటోంది.

2001లో వచ్చిన ఒక ప్రయోగం దీన్ని కణం స్థాయిలో చూపించింది. ఎలుకకు ఒక్క కొకైన్ ఇంజెక్షన్ ఇచ్చి, మర్నాడు వీటీఏ డోపమైన్ కణాలను పరీక్షిస్తే, వాటి మీద గ్లుటమేట్ సంధులు, అంటే ఇంకో కణం నుంచి సంకేతం అందే చోట్లు, బలపడి ఉన్నాయి. అయిదో రోజూ అలాగే ఉన్నాయి. పదో రోజుకు మామూలైపోయాయి. ఒక్క డోసు గుర్తు కొద్ది రోజుల్లో చెరిగిందన్నమాట. 2008లో మరో బృందం ఎలుకలకు మీట నొక్కి తామే కొకైన్ తీసుకునే వీలు కల్పించింది. ఆ మార్పు వాటిలో మూడు నెలల తర్వాతా పోలేదు. వాటి పక్కనే ఇంకో గుంపు ఉంది. మొదటి ఎలుక మీట నొక్కినప్పుడల్లా దీనికి కూడా అంతే మందు రక్తంలోకి వెళ్తుంది, కాని ఇది తనంతట తాను ఏమీ చేయదు. ఆ గుంపులో మార్పు నిలవలేదు. తీపి నీళ్ల కోసం మీట నొక్కిన ఎలుకల్లోనూ మూడు నెలలు నిలవలేదు. ఒంట్లోకి ఎంత మందు వెళ్లిందన్నది ఒక్కటే ముఖ్యం కాదు. వెతికి, చేయి చాచి, తీసుకోవడంతో ఆ చదువు గట్టిపడుతోంది.

అకంబెన్స్‌లో పదేపదే వాడకంతో డెల్టా ఫాస్‌బి అనే ప్రొటీన్ పేరుకుంటుంది. మిగతా ఫాస్ ప్రొటీన్లు గంటల్లో పోతాయి, ఇది వారాల పాటు నిలిచి ఏ జన్యువులు పనిచేయాలో మారుస్తుంది. యాంఫెటమిన్ వాడిన ఎలుకల అకంబెన్స్ కణాల కొమ్మల మీద ముళ్లలాంటి సంధి స్థానాలు పెరిగినట్టు 1997లో చూపించారు.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో టెర్రీ రాబిన్సన్, కెంట్ బెరిడ్జ్ 1993లో ఇదంతా కలిపి ఒక సిద్ధాంతం చెప్పారు. ఇష్టపడడం వేరు, కావాలనిపించడం వేరు. ఉత్తేజకాలు పదును పెట్టేది రెండోదానికి. మందు ఇచ్చే సుఖం ఏళ్లు గడిచేకొద్దీ పలచబడినా, దాన్ని గుర్తుచేసే ఏ చిన్న ఆనవాలు ఎదురైనా కావాలన్న తపన అంతకంతకూ ముదురుతుంది. 'అందులో ఇప్పుడు ఏ సుఖమూ లేదు, అయినా వెళ్లిపోతున్నాను' అని రోగులు చెప్పే మాటను అబద్ధమని కొట్టిపారేయకుండా అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి వివరణ నాకు కనపడలేదు. డోపమైన్‌ను ఆనంద రసాయనం అని పిలిచే అలవాటు వల్లే ఈ మాట జనానికి నమ్మశక్యం కాకుండా పోయింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. దీర్ఘకాలం కొకైన్ వాడి ఆపేసినవాళ్లకు స్కాన్ గదిలో ఉత్తేజకం ఇచ్చి కొలిస్తే డోపమైన్ విడుదల మామూలువాళ్లకంటే తక్కువగా ఉంది. అమెరికా పరిశోధకురాలు నోరా వోల్కో బృందం 1997లోనే ఇది చూపించింది. అకంబెన్స్ కూడా భాగంగా ఉండే స్ట్రయాటం అనే ప్రాంతంలో, డోపమైన్‌ను అందుకునే డీ2 గ్రాహకాలు కూడా వాళ్లకు తక్కువే. మరి సెన్సిటైజేషన్ ఎక్కడ? నేను నమ్మే జవాబు ఇది: స్కాన్ గది వాళ్లకు ఆసుపత్రి. అక్కడ మందును గుర్తుచేసేది ఏదీ లేదు. పరిచిత ఆనవాళ్లు లేనిచోట డోపమైన్ వ్యవస్థ చప్పబడి ఉంటుంది, అవి ఉన్నచోట ఉవ్వెత్తున లేస్తుంది. కొకైన్ వాడుతున్న దృశ్యాల వీడియో చూపిస్తే చాలు, వ్యసనపరుల డార్సల్ స్ట్రయాటంలో, అంటే దాని పైభాగంలో, డోపమైన్ పెరిగినట్టు, ఎంత పెరిగితే యావ అంత ఎక్కువగా ఉన్నట్టు 2006లో తేలింది. ఇంట్లో కూర్చున్నప్పుడు బిడ్డ నవ్వూ రుచించదు, సినిమా రుచించదు, తిండి రుచించదు. పాత స్నేహితుడి నంబరు ఫోన్‌లో మెరిస్తే మాత్రం ఒళ్లంతా లేచి కూర్చుంటుంది. ఈ రెండు స్థితులూ ఒకే మనిషిలో ఉంటాయని తెలియకపోతే అతన్ని సోమరి అనో మొండివాడనో అనుకుంటాం.

కాలం విషయానికొద్దాం, మన సెంటర్లు తప్పుతున్నది ఇక్కడే. 2001లో అమెరికాలో ఎలుకలకు పది రోజుల పాటు రోజుకు ఆరు గంటలు మీట నొక్కి కొకైన్ తీసుకోవడం అలవాటు చేసి, తర్వాత మందు ఆపేశారు. వేర్వేరు గుంపులను ఒకటో రోజు నుంచి అరవయ్యో రోజు దాకా పరీక్షించారు. మందు రాదు, మందుతో పాటు వెలిగే దీపం మాత్రం వెలుగుతుంది. ఆ దీపం కోసం మీట నొక్కడం మొదటి రోజున తక్కువ, రోజులు గడిచేకొద్దీ ఎక్కువ, రెండు నెలలప్పుడు మరీ ఎక్కువ. ఆరు నెలలకు దిగడం మొదలవుతుందని తర్వాతి ప్రయోగాల్లో తేలింది.

మనుషుల్లో 2016లో అచ్చైన అధ్యయనం ఇంకా కలవరపెడుతుంది. కొకైన్ వ్యసనమున్న 76 మందిని, ఆపేసి రెండు రోజులైనవాళ్లు, వారమైనవాళ్లు, నెల, ఆరు నెలలు, ఏడాది అయినవాళ్లు అని విడదీసి, మందు బొమ్మలు చూపిస్తూ మెదడు విద్యుత్ సంకేతాలను నమోదు చేసే ఈఈజీ తీశారు. యావ ఎంతుందని అడిగితే రోజులు గడిచేకొద్దీ తగ్గిందన్నారు. మెదడు స్పందన మాత్రం నెల, ఆరు నెలల గుంపుల్లో అన్నిటికంటే ఎక్కువగా ఉంది. 'నాకిప్పుడు అసలు గుర్తే రావట్లేదు, ఇంటికి తీసుకెళ్లండి' అని ముప్పయ్యో రోజున అతను అనే మాట నిజాయితీగా అన్నదే. అతని మెదడులో జరుగుతున్నది అతనికే కనపడదు. మనం ఇంటికి పంపుతున్నది సరిగ్గా ఆ రోజుల్లో.

మొదటి వారం కూడా మోసం చేస్తుంది. మెథ్ ఆపిన మనిషి రోజుకు పన్నెండు గంటలు నిద్రపోతాడు, బాగా తింటాడు, మాట్లాడడు. వణుకు లేదు, వాంతులు లేవు. ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. ఆ రోజుల్లో దిగులు తీవ్రంగా ఉంటుంది, చనిపోవాలన్న ఆలోచనలు రావచ్చు. ఒంటరిగా వదలకూడదు.

భయపెట్టే ప్రచారాన్ని కూడా నేను ఒప్పుకోను. మెదడు శాశ్వతంగా కాలిపోయింది అనే పోస్టర్లు అబద్ధం చెబుతున్నాయి, పైగా మానేద్దామనుకునేవాడి కాళ్లు విరగ్గొడుతున్నాయి. మెథ్ వాడినవాళ్లలో తగ్గిన డోపమైన్ ట్రాన్స్‌పోర్టర్లు, 12 నుంచి 17 నెలలు మానేసిన అయిదుగురిని మళ్లీ స్కాన్ చేస్తే, స్ట్రయాటంలోని రెండు భాగాలైన కాడేట్‌లో 19 శాతం, ప్యుటమెన్‌లో 16 శాతం పెరిగాయని 2001లో చూపించారు. జ్ఞాపకశక్తి, చేతివేగం పరీక్షల్లో మాత్రం అంత మెరుగుదల లేదు. కోలుకోవడం ఉంది, దానికి ఏడాది పైగా పడుతుంది. అలాగే వాడిన ప్రతివాడూ బానిస కాడు. మూడు నెలలు కొకైన్ తీసుకున్న ఎలుకల్లో, షాక్ తగిలినా మానకపోవడం సహా మూడు వ్యసన లక్షణాలూ చూపినవి సుమారు 17 శాతమే. ఆ 17లో తానుంటాడో లేదో మొదటి శనివారం నాడు ఎవరికీ తెలియదు.

ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీ సమస్యకు మిథైల్‌ఫెనిడేట్ అనే ఉత్తేజకం వాడే పిల్లల తల్లిదండ్రులు ఇది చదివి భయపడకూడదు. నోటి ద్వారా తీసుకున్నది మెదడులో గరిష్ఠానికి చేరడానికి గంటకు పైనే పడుతుంది, రక్తనాళంలోకి ఇచ్చిన కొకైన్‌కు నాలుగైదు నిమిషాలు చాలు. ఆ వేగంలోనే కిక్కు ఉంది. డాక్టరు చెప్పిన మోతాదులో క్రమంగా వాడిన పిల్లలను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే వ్యసన ముప్పు పెరిగినట్టు తేలలేదు. అదే మాత్రను పరీక్షల ముందు స్నేహితుడి దగ్గర అడిగి తీసుకోవడం, నలిపి ముక్కుతో పీల్చడం వేరే సంగతి.

మరి పనిచేసే వైద్యమేమిటి? కొకైన్‌కూ మెథ్‌కూ అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఒక్కటీ లేదు. 2021లో వచ్చిన పెద్ద ప్రయోగంలో మూడు వారాలకోసారి నల్లమందు జాతి మందుల పనిని అడ్డుకునే నాల్ట్రెక్సోన్ 380 మిల్లీగ్రాముల ఇంజెక్షన్, దిగులుకు వాడే బుప్రోపియాన్ రోజూ 450 మిల్లీగ్రాములు కలిపి ఇస్తే మెథ్ వాడేవాళ్లలో 13.6 శాతం మందికి గుణం కనిపించింది, ఉత్తుత్తి మందు ఇచ్చినవాళ్లలో 2.5 శాతం. ఉపయోగమే, కాని చిన్నది. బుప్రోపియాన్‌తో ఫిట్స్ రావచ్చు, నల్లమందు జాతి మందులు వాడుతున్నవాళ్లకు నాల్ట్రెక్సోన్ ఇవ్వకూడదు. కాబట్టి సొంతంగా ప్రయత్నించేది కాదు.

అన్నిటికంటే గట్టి ఆధారాలున్నది కంటింజెన్సీ మేనేజ్‌మెంట్‌కు, అంటే శుభ్రమైన మూత్ర నమూనాకు వెంటనే బహుమతి ఇవ్వడానికి. వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో స్టీఫెన్ హిగ్గిన్స్ 1990లలో తీర్చిదిద్దిన పద్ధతి ఇలా ఉంటుంది: పన్నెండు వారాలు, వారానికి మూడు పరీక్షలు. మొదటి శుభ్రమైన నమూనాకు 2.50 డాలర్ల వోచర్, ఆ తర్వాత ప్రతిదానికీ 1.25 పెంపు, వరుసగా మూడు శుభ్రంగా ఉంటే అదనంగా 10 డాలర్లు. మందు కనిపించినా, నమూనా ఇవ్వకపోయినా లెక్క మళ్లీ 2.50కి పడిపోతుంది. మళ్లీ వరుసగా అయిదు శుభ్రంగా ఇస్తే పోగొట్టుకున్న మెట్టు తిరిగి దక్కుతుంది. ఒక్కటీ తప్పకపోతే మొత్తం 997.50 డాలర్లు.

ఇందులో ఏ భాగాన్ని సడలించినా పద్ధతి చెడిపోతుంది. కొకైన్ ఆనవాళ్లు మూత్రంలో రెండు మూడు రోజులే ఉంటాయి కాబట్టి వారానికోసారి పరీక్షిస్తే శుక్రవారం తీసుకున్నది గురువారం కనపడదు. సోమ, బుధ, శుక్రవారాలైతే సందు దొరకదు. నమూనా ఇచ్చిన నాలుగు నిమిషాల్లోపు దాని వేడి 32 నుంచి 38 డిగ్రీల మధ్య ఉందో లేదో చూడకపోతే సీసాలో తెచ్చిన వేరేవాళ్ల మూత్రం చెల్లిపోతుంది. బహుమతి నెలాఖరుకు ఇస్తామంటే పని చేయదు, అక్కడికక్కడే చేతిలో పడాలి, ఎందుకంటే పోటీపడుతున్నది నిమిషాల్లో ఫలితమిచ్చే మందుతో. తప్పు చేసినవాణ్ణి కార్యక్రమం నుంచి గెంటేస్తే ఎక్కువ అవసరమున్నవాణ్ణే పోగొట్టుకుంటాం. వ్యసనపరుడికి డబ్బులిస్తారా అని కోపగించేవాళ్లకు నా జవాబు ఒకటే. చూపించిన ఫలితాల్లో దీనికి సాటి వచ్చేది ఇంకోటి లేదు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రులు 2011 నుంచి దీన్ని నడుపుతున్నాయి.

మన దగ్గర పరిస్థితి వేరు. 2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన సర్వేలో 10 నుంచి 75 ఏళ్లవారిలో యాంఫెటమిన్ తరహా ఉత్తేజకాలు వాడేవాళ్లు 0.18 శాతం, కొకైన్ 0.10 శాతం. మద్యంతో పోలిస్తే చాలా తక్కువ, అందుకే సెంటర్లన్నీ మద్యం చుట్టూ కట్టారు. ఆ లెక్కన చేర్చుకున్న మెథ్ రోగికి మాత్రం అది సరిపోదు. ఊరికి దూరంగా, ఆనవాళ్లేవీ లేని గదిలో ముప్పై రోజులుంటే అతని మెదడు ఆ గది గురించే నేర్చుకుంటుంది. తన గది, తన బైక్, జీతం పడిన సాయంత్రం, ఆ నంబరు, వీటి గురించి కొత్తగా ఏమీ నేర్చుకోదు. ఎలుకల్లోనూ ఇంతే: ఒక పెట్టెలో మాన్పించిన అలవాటు, పాత పెట్టెలో పెట్టగానే తిరిగి వస్తుంది.

కాబట్టి సెంటర్ నుంచి వచ్చిన రోజున అసలు పని మొదలుపెట్టాలి. సిమ్ మార్చి పాత నంబర్లు తీసేయడం, జీతం కొన్ని నెలలు అతని అంగీకారంతోనే ఇంకొకరి ఖాతాలోకి వెళ్లేలా చూడడం, శుక్ర శనివారాల సాయంత్రాలకు ముందే మనుషులతో ఏర్పాటు ఉండడం, ఏడు గంటల నిద్ర తప్పకుండా చూడడం. వారానికి మూడు మూత్ర పరీక్షలు మూడు నెలల దాకా, ఆ తర్వాత ఆరు నెలలు దాటేవరకూ తక్కువగా. ఈ పరీక్షలు క్లినిక్ చేయాలి. అమ్మానాన్నా పోలీసులైతే ఆ ఇల్లే ఒత్తిడవుతుంది, ఒత్తిడి ఏం చేస్తుందో పైన చెప్పాను.

సెంటర్‌లో చేర్చే ముందు అడగాల్సినవి అడగండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టరు అయ్యారా? సైకియాట్రిస్ట్ ఎన్ని రోజులకోసారి చూస్తారు? ఇంటికి పంపాక ఆరు నెలల పాటు ఏం చేస్తారు, పరీక్షలు ఎవరు చేస్తారు? గొలుసు వేయడం ఆ చట్టం కింద నిషిద్ధం, అలాంటి చోట నుంచి వెంటనే తీసుకొచ్చేయండి. ప్రభుత్వ వైద్యం కావాలంటే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాల, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. ఫోన్‌లో సలహాకు జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, దిగులుకు, చనిపోవాలన్న ఆలోచనలకు టెలీ మానస్ 14416. కేసు భయంతో ఆగేవాళ్లు మత్తుమందుల నియంత్రణ చట్టమైన ఎన్‌డీపీఎస్‌లోని 64ఏ సెక్షన్ గురించి వకీలును అడగాలి: సొంత వాడకం లేదా చిన్న పరిమాణం కేసులో ఉన్న వ్యసనపరుడు ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన చోట స్వచ్ఛందంగా చికిత్స తీసుకుంటే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు. అందుకే చేరిన తేదీ, ప్రతి పరీక్ష ఫలితం, డిశ్చార్జి కాగితం, తర్వాతి ఆరు నెలల ఓపీ చీటీలు అన్నీ ఒక ఫైల్లో పెట్టి ఉంచండి.